ఎర్నెస్ట్ అబ్బే: దారం మిల్లు కార్మికుని కొడుకు, చుక్క నీటిలో ఉప్పు లెక్క



వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితం అనగానే మనకు కొన్ని పేర్లు వెంటనే గుర్తుకొస్తాయి. ఆ పేర్లను మనం రోజూ తలుచుకుంటాం, గోడల మీద పటాలుగా చూస్తాం. ఈసారి మన గోడల మీద లేని ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఎర్నెస్ట్ అబ్బే. ఈ పేరు వినగానే మనవాళ్ళకు నవ్వొస్తుంది. ఎవరైనా ఏదైనా అడిగితే అబ్బే, లేదండీ అంటాం కదా! మా పీజీ ల్యాబ్‌లో అబ్బే రిఫ్రాక్టోమీటర్ అని సారు మొదటిసారి చెప్పినప్పుడు క్లాసంతా నవ్వింది. ఆ నల్లటి పరికరం మీద ఉన్న పేరు ఎవరిదో తెలుసుకున్నాక మాత్రం నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఆయన కూడా మనలాగే కూలి ఇంటి నుంచి, ఇతరుల సాయంతో చదువుకుని పైకొచ్చినవాడు. చదువు పూర్తయ్యాక ఆ చదువుతో ఏం చేశాడన్నదే ఈ వ్యాసం.

బాల్యం

అబ్బే 1840 జనవరి 23న జర్మనీలోని ఐసెనాఖ్ అనే ఊరిలో పుట్టాడు. తండ్రి గేయోర్గ్ ఆడమ్ అబ్బే ఉన్ని దారం తీసే మిల్లులో పనిచేసేవాడు. ఆ రోజుల్లో మిల్లు పని అంటే రోజుకు 14 గంటలు. ఉదయం 5 గంటలకు మొదలై రాత్రి 7 గంటలకు ముగిసేది. సరుకుకు గిరాకీ ఎక్కువగా ఉన్న రోజుల్లో తెల్లవారుజామున 4 నుంచి రాత్రి 8 దాకా, అంటే 16 గంటలు. మధ్యాహ్నం భోజనానికి కూడా యంత్రం ఆపేవారు కాదు.

ఐదేళ్ళ వయసు నుంచి తొమ్మిదేళ్ళ వయసు దాకా అబ్బే, అతని కన్నా ఏడాది చిన్నదైన చెల్లెలు వంతులవారీగా తండ్రికి అన్నం గిన్నె తీసుకెళ్ళేవారు. తండ్రి యంత్రానికి ఆనుకునో, ఒక పెట్టె మీద కూర్చునో గబగబా తిని, ఖాళీ గిన్నె బిడ్డ చేతికిచ్చి వెంటనే పనిలోకి వెళ్ళిపోయేవాడు. ఆ తండ్రి బలమైన మనిషి, కొడుకు కన్నా పొడవైన మనిషి. అయినా 48 ఏళ్ళకే ముసలివాడిలా వంగిపోయాడు. మిరప కోతలకు వెళ్ళిన అమ్మకు గట్టు దాకా క్యారేజీ మోసిన నాలాంటి వాళ్ళకు ఈ సంగతి ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. అబ్బే ఈ దృశ్యాన్ని జీవితాంతం మరిచిపోలేదు. అరవై ఏళ్ళు దాటి, పెద్ద ప్రొఫెసరుగా, పెద్ద కార్ఖానా అధిపతిగా ఉన్నప్పుడు కూడా సభలో నిలబడి ఆ అన్నం గిన్నె సంగతి చెప్పాడు. ఎందుకు చెప్పాడో చివరలో చూద్దాం.

చదువు

పిల్లవాడు తెలివైనవాడని మిల్లు యజమాని గుర్తించి హైస్కూలు చదువుకు సాయం చేశాడు. 1857లో, 17 ఏళ్ళ వయసులో అబ్బే యేనా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ రెండేళ్ళు గణితం, భౌతికశాస్త్రం చదివి 1859లో గోటింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. గోటింగెన్‌లో ఆయనకు పాఠాలు చెప్పినవారిలో గణిత శాస్త్రవేత్త రీమన్, భౌతిక శాస్త్రవేత్త వెబర్ ఉన్నారు. అయస్కాంత ప్రవాహానికి వెబర్ అనే ప్రమాణం మన ఇంటర్ పుస్తకంలో ఉంటుంది కదా, ఆ వెబరే. ఇంటి నుంచి వచ్చే డబ్బు చాలక అబ్బే ట్యూషన్లు చెప్పుకున్నాడు. 1861లో, 21 ఏళ్ళకే డాక్టరేట్ సంపాదించాడు. ఆ తర్వాత గోటింగెన్ నక్షత్రశాలలోనూ, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక భౌతికశాస్త్ర సంఘంలోనూ కొద్దికాలం పనిచేశాడు.

1863లో యేనాకు తిరిగి వచ్చి అధ్యాపకుడు కావడానికి మరో పరిశోధన వ్యాసం సమర్పించాడు. దాని విషయం మనం గమనించాలి. ఒకే వస్తువును పదిసార్లు కొలిస్తే పది జవాబులు వస్తాయి. ఆ తేడాలు ఎలా పరుచుకుంటాయి? ఏ తేడా మామూలుగా వచ్చేది, ఏ తేడా వెనక కారణం ఉంది? కొలతల్లో వచ్చే దోషాల లెక్కే ఆయన వ్యాసం. ఇవాళ డిగ్రీ సంఖ్యాశాస్త్రంలో కై వర్గ విభాజనం అని చదువుకునే సూత్రాన్ని ఆయన ఆ వ్యాసంలోనే రాబట్టాడు. 23 ఏళ్ళ కుర్రవాడు కొలత అంటే ఏమిటి, దాన్ని ఎంతవరకు నమ్మాలి అని ఆలోచించాడన్నమాట. ఆయన తర్వాతి జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అధ్యాపకుడంటే మంచి జీతం అనుకోకండి. అప్పటి జర్మనీలో కొత్త అధ్యాపకుడికి నెలజీతం ఉండదు. తన క్లాసుకు వచ్చిన విద్యార్థులు కట్టే ఫీజే ఆదాయం. 1870లో ఆయనకు ప్రొఫెసరు హోదా వచ్చింది. 1871లో తన గురువు కార్ల్ స్నెల్ కూతురు ఎల్జేను పెళ్ళి చేసుకున్నాడు. వారికి ఇద్దరు కూతుళ్ళు.

జైస్ కార్ఖానా

యేనా ఊరిలోనే కార్ల్ జైస్ అనే మెకానిక్ 1846లో ఒక చిన్న కార్ఖానా పెట్టాడు. అక్కడ సూక్ష్మదర్శినులు తయారుచేసేవారు. ఆ రోజుల్లో కటకాలను ఎలా తయారుచేసేవారో తెలుసా? లెక్క ఏమీ ఉండదు. ఒక కటకం అరగదీసి, బిగించి చూసేవారు. బొమ్మ బాగా లేకపోతే మరొకటి అరగదీసేవారు. అనుభవం ఉన్న పనివాడి చేతిచలవ మీద అంతా ఆధారపడి ఉండేది. ఒక సూక్ష్మదర్శిని బాగా కుదిరితే అలాంటిదే మరొకటి వస్తుందన్న నమ్మకం లేదు. ఈ పద్ధతి జైస్‌కు నచ్చలేదు. 1866లో అబ్బేను పిలిచి, కటకాలను ముందే లెక్కకట్టి తయారుచేసే మార్గం చెప్పమన్నాడు.

మొదట లెక్క ప్రకారం చేసిన కటకాలు పాతవాటికన్నా అధ్వాన్నంగా వచ్చాయి. సన్నని కాంతిపుంజాన్ని వాడితే దోషాలు తగ్గుతాయన్న ఆలోచనతో కటకం ద్వారాన్ని చిన్నది చేశారు. దోషాలైతే తగ్గాయి కానీ బొమ్మలోని సన్నని వివరాలు మాయమయ్యాయి. ఎందుకిలా అని అబ్బే వెతుక్కుంటూ పోయి కాంతి వివర్తనం దగ్గరికి చేరాడు. సన్నని వివరాలను మోసే కాంతి పక్కలకు వంగి పోతుంది, ఆ వంగిన కాంతిని కూడా కటకం పట్టుకోవాలి అని తేల్చాడు. 1873లో ఈ సిద్ధాంతాన్ని ప్రచురించాడు. మామూలు కాంతితో చూసే ఏ సూక్ష్మదర్శిని అయినా దాదాపు కాంతి తరంగదైర్ఘ్యంలో సగానికన్నా చిన్న వివరాలను విడదీసి చూపలేదని దీని సారాంశం. కాంతి సూక్ష్మదర్శినికి హద్దు ఎక్కడ ఉందో లోకానికి చెప్పినవాడు ఆయనే.

ఆ హద్దు దాకా వెళ్ళగల సూక్ష్మదర్శినులను కూడా జైస్ కార్ఖానా తయారుచేసింది. అబ్బే రూపొందించిన కండెన్సర్, 1878లో వచ్చిన నూనెలో ముంచి చూసే కటకం వైద్యులకు గొప్ప ఆయుధాలయ్యాయి. 1882లో క్షయ రోగ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోఖ్ వాడినవి జైస్ సూక్ష్మదర్శినులే.

రిఫ్రాక్టోమీటర్ పుట్టుక

లెక్కకట్టి కటకం చేయాలంటే ముందు గాజు గుణం తెలియాలి. గాజు కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకెనే వక్రీభవన గుణకం అంటాం. కటకాలను అతికించే జిగురు, కటకం ముంచే నూనె, వీటి అంకెలు కూడా తెలియాలి. పాత పద్ధతిలో ద్రవాన్ని బోలు పట్టకంలో పోసి, చీకటి గదిలో, ప్రత్యేక దీపం పెట్టి గంటల తరబడి కొలిచేవారు. రోజూ పని నడిచే కార్ఖానాకు అది కుదరదు. అందుకని అబ్బే తన అవసరం కోసం 1869 ప్రాంతంలో ఒక కొత్త పరికరం చేసుకున్నాడు. 1874లో దాని వివరాలు ప్రచురించాడు. అదే అబ్బే రిఫ్రాక్టోమీటర్.

దీని సూత్రం మన ఇంటర్ ఫిజిక్స్‌లోనిదే. ఎక్కువ గుణకం ఉన్న గాజు నుంచి తక్కువ గుణకం ఉన్న ద్రవంలోకి కాంతి వెళ్ళేటప్పుడు, ఒక కోణం దాటితే ద్రవంలోకి వెళ్ళకుండా వెనక్కి తిరుగుతుంది. ఆ కోణమే సందిగ్ధ కోణం, ఆ తిరగడమే సంపూర్ణాంతర పరావర్తనం. సందిగ్ధ కోణం ఎంతన్నది ద్రవం గుణకం మీద ఆధారపడుతుంది. అబ్బే రెండు గాజు పట్టకాల మధ్య ఒకటి రెండు చుక్కల ద్రవాన్ని పలుచని పొరగా ఉంచాడు. కంటికద్దంలో చూస్తే సగం వెలుగు, సగం చీకటి కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడ పడిందో స్కేలు మీద చూసి చదివితే చాలు. మామూలు వెలుతురులో ఆ గీత రంగులు రంగులుగా చెదరకుండా, తిప్పగలిగే చిన్న పట్టకాలను కూడా అమర్చాడు. దాంతో ప్రత్యేక దీపం అవసరం తప్పింది. చుక్క ద్రవం, కిటికీ వెలుతురు, నాలుగు దశాంశ స్థానాల దాకా జవాబు. ఆనాటికి ఇది చాలా పెద్ద సౌకర్యం.

ఉప్పునీటి తొట్టిలో అబ్బే

గాజు కోసం పుట్టిన ఈ పరికరం చక్కెర మిల్లులకు, నూనె పరీక్షలకు, మందుల కంపెనీలకు పాకింది. తర్వాతి కాలంలో చేతిలో పట్టుకునే చిన్న గొట్టంలాంటి రూపం వచ్చింది. ఇవాళ ఇళ్ళలో సముద్రపు చేపల తొట్టి, అంటే ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునేవారి దగ్గర ఆ చిన్న గొట్టం ఉంటుంది. దాంతో తొట్టి నీటిలో ఉప్పు ఎంతుందో కొలుస్తారు.

ఎందుకు కొలవాలి? సముద్రపు నీటిలో సగటున కిలోకు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. పగడపు జీవులు, నక్షత్ర చేపలు తమ ఒంట్లో ఉప్పును సర్దుకోలేవు. బయట నీరు ఎలా ఉంటే లోపలా అలాగే అయిపోతుంది. తొట్టిలో నీరు రోజూ ఆవిరవుతుంది కానీ ఉప్పు ఆవిరి కాదు. 100 లీటర్ల తొట్టిలో 5 లీటర్లు ఆవిరైతే 35 ఉన్న ఉప్పు దాదాపు 37కు చేరుతుంది. అందుకే తగ్గిన నీటికి బదులు మంచినీరే పోయాలి, ఉప్పునీరు పోయకూడదు. ఈ చిన్న సంగతి తెలియక వారం వారం ఉప్పునీరే పోస్తే తొట్టి ఉప్పుమడి అయిపోతుంది.

ఆ మార్పు నాలుకకు తెలియదు. నీటిని మరిగించి మిగిలిన ఉప్పును తూచినా సరైన లెక్క రాదు, ఎందుకంటే వేడికి కొన్ని లవణాలు విడిపోయి వాయువులుగా పోతాయి, కొన్ని నీటిని వదలవు. తేలే హైడ్రామీటర్ మంచిదే కానీ గాలిబుడగ అంటుకున్నా, ఉప్పు పేరుకున్నా తప్పు చూపుతుంది. రిఫ్రాక్టోమీటర్‌కు చుక్క నీరు చాలు. అయితే అది కొలిచే తేడా ఎంత చిన్నదో చూడండి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర శుద్ధమైన నీటి గుణకం 1.3330. లవణీయత 35 ఉన్న సముద్రపు నీటిది 1.3394. మొత్తం తేడా 0.0064 మాత్రమే. అంటే ఒక్కో గ్రాము ఉప్పుకు సుమారు 0.0002 తేడా. అంత చిన్న తేడాను పట్టుకునే పనిముట్టు కాబట్టి దాన్ని వాడేవాడికి కూడా అంత శ్రద్ధ ఉండాలి.

మొదటిది శుభ్రం. గాజు మీద పాత ఉప్పు ఎండిపోయి ఉంటే కొత్త చుక్కలో కరిగి లెక్క పెంచుతుంది. ప్రతిసారీ మంచినీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడవాలి. రెండోది ఉష్ణోగ్రత. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే గుణకం సుమారు 0.0001 తగ్గుతుంది. అంటే రెండు డిగ్రీల తేడా ఒక గ్రాము ఉప్పు తేడాలా కనిపిస్తుంది. చాలా పరికరాల్లో ఉష్ణోగ్రతను దానంతటదే సర్దుకునే ఏర్పాటు ఉంటుంది. అయినా చుక్క వేసి మూత మూసి అర నిమిషం ఆగాలి, నీరు, గాజు ఒకే వేడికి రావాలి. మూత కింద గాలిబుడగలు ఉండకూడదు.

మూడోది ముఖ్యమైనది. పరికరాన్ని ముందు తెలిసిన నీటితో సరిచూడాలి. స్వేదన జలం వేసి గీత సున్నా మీదకు వచ్చేలా మర తిప్పడం అందరూ చేసేదే. అయితే సున్నా దగ్గర సరిగా ఉన్న స్కేలు 35 దగ్గర కూడా సరిగా ఉంటుందన్న హామీ లేదు. మనం కొలిచేది 35 దగ్గర కాబట్టి, 35 విలువ ఉన్న ప్రామాణిక ద్రావణంతో సరిచూడాలి. అది దొరకకపోతే, 3.65 గ్రాముల మామూలు ఉప్పును 96.35 గ్రాముల స్వేదన జలంలో కరిగిస్తే ఆ ద్రావణం గుణకం 35 లవణీయత ఉన్న సముద్రపు నీటితో సమానంగా ఉంటుంది. ఇక్కడే ఇంకో మెలిక కూడా తెలుస్తుంది. సముద్రపు నీటిలో ఉన్నది ఒక్క సోడియం క్లోరైడ్ కాదు, మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేట్ అన్నీ ఉన్నాయి. చాలా పరికరాల స్కేళ్ళు మామూలు ఉప్పునీటి కోసం గీసినవి. అలాంటి స్కేలు మీద 35 అని చదివితే నిజమైన లవణీయత సుమారు 33.5 మాత్రమే. గీత అబద్ధం చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్న వేరు. 1863లో అబ్బే వేసుకున్న ప్రశ్న, కొలతను ఎంతవరకు నమ్మాలి అన్నది, చేపల తొట్టి దగ్గర కూడా అలాగే నిలబడి ఉంది.

ఇది ధనవంతుల సరదా అని కొట్టిపారేయకండి. నెల్లూరు, ప్రకాశం, కృష్ణా, గోదావరి జిల్లాల రొయ్యల చెరువు గట్ల మీద ఈ గొట్టాన్ని లుంగీ కట్టుకున్న రైతు ఎండకు ఎత్తి పట్టి చూస్తూ ఉంటాడు. హేచరీలో ఎక్కువ ఉప్పులో పెరిగిన రొయ్య పిల్లను తక్కువ ఉప్పున్న చెరువులో ఒక్కసారిగా వదిలితే తట్టుకోలేదు. రెండు నీళ్ళ ఉప్పును కొలిచి, మెల్లగా అలవాటు చేసి వదలాలి. ఆ కొలత తప్పితే లక్షల అప్పు నీటిపాలు. మన హాస్టల్‌లో చదివిన వాళ్ళలో ఎందరి ఇళ్ళు ఆ చెరువుల కూలి మీద నడుస్తున్నాయో మనకు తెలుసు.

గాజు, సంపద

మళ్ళీ అబ్బే దగ్గరికి వద్దాం. 1876లో జైస్ ఆయనను కార్ఖానాలో భాగస్వామిని చేశాడు. 1878లో యేనా నక్షత్రశాలకు డైరెక్టరయ్యాడు. అదే కాలంలో ప్రసిద్ధ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఆయనను బెర్లిన్‌లో ప్రొఫెసరుగా రమ్మని పిలిచాడు. రాజధాని, పెద్ద పదవి. ఆయన మన తెలుగులో లాగానే అబ్బే అనేశాడు. యేనాలో పని సగంలో ఉంది మరి. మంచి గాజు లేనిదే మంచి కటకం రాదని ఆయనకు తెలుసు. ఒట్టో షాట్ అనే యువ రసాయన శాస్త్రవేత్త 1879లో తాను చేసిన కొత్త గాజు నమూనాలను ఆయనకు పంపాడు. 1884లో అబ్బే, జైస్, జైస్ కొడుకు రొడెరిఖ్, షాట్ కలిసి యేనాలో గాజు పరిశోధనశాల పెట్టారు. ఆ కొత్త గాజుతో 1886లో రంగుల దోషం బాగా తగ్గిన కటకాలు వచ్చాయి. కార్ఖానా పేరు లోకమంతా పాకింది. దారం మిల్లు కార్మికుని కొడుకు ధనవంతుడయ్యాడు.

1888లో కార్ల్ జైస్ చనిపోయాడు. ఇక్కడ నుంచి అబ్బే చేసిన పనే నన్ను ఈ వ్యాసం రాయించింది. 1889లో ఆయన ఒక ధర్మసంస్థను స్థాపించాడు. దానికి తన పేరు పెట్టుకోలేదు, కార్ల్ జైస్ పేరు పెట్టాడు. 1891లో కార్ఖానాలోను, గాజు పరిశ్రమలోను తన వాటాలన్నీ ఆ సంస్థకు రాసిచ్చాడు. యజమానిగా ఉన్నవాడు ఆ తర్వాత జీతం తీసుకునే డైరెక్టరుగా పనిచేశాడు. విశ్వవిద్యాలయం ఇచ్చిన చదువు, వందల మంది కార్మికుల చేతిపని కలిస్తే వచ్చిన సంపద ఇది, దీన్ని ఒక్కడు సొంతం చేసుకోవడం న్యాయం కాదన్నది ఆయన లెక్క. లాభాల్లో కొంత యేనా విశ్వవిద్యాలయానికి వెళ్ళేలా ఏర్పాటు చేశాడు. ఒక కార్మికుని కొడుక్కి చదువు చెప్పిన విశ్వవిద్యాలయం ఆ రకంగా అప్పు తిరిగి పొందింది.

1896లో ఆ సంస్థకు రాసిన నియమావళి చదివితే ఆశ్చర్యమేస్తుంది. ఉద్యోగంలో తీసుకునేటప్పుడు మనిషి పుట్టుక, మతం, రాజకీయ పార్టీ చూడకూడదు. కార్మికులకు జీతంతో కూడిన సెలవు, జబ్బు చేస్తే సాయం, ముసలితనంలో పెన్షన్, లాభంలో వాటా. పనిలోంచి తీసేస్తే పరిహారం. పై అధికారి జీతం కార్మికుల సగటు జీతానికి పది రెట్లు దాటకూడదు. ఇవి దయతో ఇచ్చేవి కావని, కార్మికుడు అడిగి తీసుకునే హక్కులని నియమాల్లోనే రాశాడు. చిన్నప్పుడు మిల్లు యజమాని దయతో చదివిన మనిషికి దయకూ హక్కుకూ మధ్య తేడా బాగా తెలిసి ఉంటుంది.

ఎనిమిది గంటలు

1900 ఏప్రిల్‌లో జైస్ కార్ఖానాలో రోజు పనిని 9 గంటల నుంచి 8 గంటలకు తగ్గించారు. అందరూ నష్టమే అనుకున్నారు. అబ్బే ఇక్కడ కూడా కొలత పట్టాడు. చేసిన పనిని బట్టి కూలి తీసుకునే 233 మంది కార్మికుల లెక్కలు తీసుకుని, తగ్గించక ముందు ఏడాది, తగ్గించిన తర్వాత ఏడాది పోల్చాడు. గంటకు జరిగిన పని సుమారు 16 శాతం పెరిగింది. గంట తగ్గినా రోజు మొత్తం పని తగ్గలేదు సరికదా, దాదాపు 3 శాతం పెరిగింది.

ఈ లెక్కలను ఆయన 1901లో సభలో చదివాడు. మొదట్లో చెప్పిన అన్నం గిన్నె సంగతి, 48 ఏళ్ళకే వంగిపోయిన తండ్రి సంగతి ఆ సభలోనే చెప్పాడు. కన్నీళ్ళతో కథ చెప్పి ఊరుకుంటే జాలిపడి ఇళ్ళకు వెళ్ళేవారు. అంకెలు మాత్రమే చెబితే ఆ అంకెలు ఎవరి కోసమో తెలిసేది కాదు. రెండూ పక్కపక్కన పెట్టాడు.

జర్మనీలో 8 గంటల పని చట్టంగా రావడానికి 1918 దాకా పట్టింది. మన దేశంలో 1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ అంబేద్కర్ కాలంలో, 1946 ఫ్యాక్టరీల చట్ట సవరణతో వారానికి పని 54 గంటల నుంచి 48 గంటలకు తగ్గింది. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో, పేద ఇళ్ళ నుంచి వచ్చి పెద్ద చదువులు చదివిన ఇద్దరు మనుషులు కార్మికుని గడియారం వైపు చూశారన్నది మనం గుర్తుపెట్టుకోవాలి.

చివరి రోజులు

విపరీతమైన శ్రమ వల్ల అబ్బే ఆరోగ్యం దెబ్బతింది. 1903లో కార్ఖానా బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. అదే ఏడాది యేనాలో ఆయన సంస్థ డబ్బుతో కట్టిన ప్రజాభవనం తెరుచుకుంది. అందులో ఎవరైనా వచ్చి చదువుకోగల గ్రంథాలయం ఉంది. 1905 జనవరి 14న, 65 ఏళ్ళు నిండడానికి తొమ్మిది రోజుల ముందు ఆయన కన్నుమూశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీతో పాటు ఆ కార్ఖానా కూడా రెండు ముక్కలైంది, 1990 తర్వాత మళ్ళీ ఒకటైంది. జైస్ కంపెనీ, షాట్ గాజు కంపెనీ రెండింటికీ యజమాని ఇవాళ్టికీ ఆయన పెట్టిన ధర్మసంస్థే.

తమ్ముళ్ళారా, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మీలో చాలామంది మీ ఇళ్ళలో మొదటివారే అవుతారు. ఉద్యోగం రావాలి, ఇల్లు కట్టాలి, చెల్లి పెళ్ళి చేయాలి, ఇవన్నీ న్యాయమైన కోరికలే. అబ్బే కూడా పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని పెంచాడు, కార్ఖానాలో భాగం తీసుకున్నాడు. ఆ తర్వాత, తాను ఎక్కివచ్చిన మెట్లను ఇతరుల కోసం గట్టిగా కట్టాడు. మన హాస్టల్ నుంచి వెళ్ళిన అన్నయ్యలు పరీక్షల ముందు ఆదివారాలు వచ్చి లెక్కలు చెప్పడం, పాత పుస్తకాలు ఇచ్చి వెళ్ళడం ఆ దారిలో చిన్న అడుగులే. ఆ పని ఏడాదికొకసారి వార్షికోత్సవం రోజున కాకుండా నెలనెలా జరిగితే ఇంకా బాగుంటుంది.

ఇంటర్ సైన్సు చదివే తమ్ముళ్ళలో ఎవరికైనా అబ్బే రిఫ్రాక్టోమీటర్ చూడాలని ఉంటే సెలవుల్లో మా విశ్వవిద్యాలయానికి రండి, ల్యాబ్ సారుని అడిగి చూపిస్తాను. వచ్చేటప్పుడు మీ ఊరి బావినీళ్ళు, చెరువునీళ్ళు చిన్న సీసాల్లో తెచ్చుకోండి. ముందు స్వేదన జలంతో సరిచూద్దాం. తర్వాత ఎవరి ఊరి నీళ్ళలో ఉప్పు ఎక్కువో మనమే కొలుద్దాం.